సాక్సఫోను పీక – మా యింటి ముచ్చట

సంఘ సంచికకు ఏదేని వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు కోరినపుడు నేను సంకోచించితిని. నేను పండితుడను గాను. ఎస్.ఎస్.ఎల్.సి.తో నా చదువు ముగిసినది. 35 సంవత్సరములు ఒక కార్యాలయమున గుమాస్తాగా దస్త్రములు సర్ది విశ్రాంతి పొందినవాడను. పాడుట రాదు, వాయించుట రాదు. కాని వాద్యములు గల యింట పుట్టి, వానిని వాయించువారి నడుమ పెరిగితిని. చేతితో చేసిన సాక్సఫోను గొప్పతనమేమి, గడ్డి పీకకును ఈనాటి ప్లాస్టిక్ పీకకును భేదమేమి యని మన యువకులు కొందరు నన్నడుగుచుందురు. ఆ ప్రశ్న మా యింట 2012వ సంవత్సరము నుండి నలుగుచున్నది. అది మా గడప లోపలికి వచ్చుటకు కారకుడను నేనే. కావున తెలిసినంత చెప్పుట నా విధి యని తలంచి కలము పట్టితిని.

మా తాతగారు హిందూపురము ప్రాంతమునుండి సన్నాయి చేతబట్టుకొని బెంగుళూరు చేరిరి. మా నాయనయు దేవాలయమున సన్నాయి వాయించి మమ్ము పోషించెను. ఇంట తెలుగు, వీథిలో కన్నడము, మేళములో తోడివారితో తమిళము – ఇట్లు మూడు భాషలలో మా బాల్యము గడచెను. నాయన వాడిన పీకలు కావేరీతీరము నుండి వచ్చెడివి. అక్కడ తిరువావడుదురై గ్రామమున ఒక విధమైన నాణల్ గడ్డి కాడను ఎండబెట్టి, ఉడికించి, నొక్కి, దారముతో చుట్టి పీక కట్టుదురు. తమిళులు దానిని శీవాళి యందురు. దానికి సమీపముననే యున్న నరసింగంపేటలో నాగస్వరమును తొలిచెదరు. ఆ గ్రామపు నాగస్వరమునకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఒంగోలు దాపున కరవదిలో పుట్టి, శ్రీరంగమున స్థిరపడి, తమిళ దేశమంతట మన్నన లందుకొనిన షేక్ చినమౌలానాగారు (1924–1999) ఆ కావేరీతీరపు బాణీని స్వాధీనము చేసికొనిన తెలుగువారే. వారి పేరు చెప్పినపుడెల్ల మా నాయన చేతులు జోడించెడివాడు. పరదేశమున బ్రదుకు తెలుగు వాద్యకారునకు అంతకన్న ధైర్యము చెప్పు పేరు వేఱొకటి లేకుండెను.

మా అన్నగారు నాయనవద్దనే సన్నాయి నేర్చిరి. కాని కదిరి గోపాలనాథ్‌గారి కచేరి విన్ననాటినుండి వారి మనస్సు సాక్సఫోనుపైకి పోయెను. గోపాలనాథ్‌గారును దక్షిణ కన్నడ జిల్లాలో నాగస్వర విద్వాంసుని యింటనే 1949లో జన్మించిరి. మైసూరు రాజభవనపు బ్యాండులో ఈ వాద్యమును విని ముగ్ధులై, మంగళూరులో గోపాలకృష్ణ అయ్యరుగారియొద్ద కర్ణాటక సంగీతము నభ్యసించి, బ్యాండుమేళపు వాద్యమును కచేరీ పీఠ మెక్కించిరి. 1994లో లండనులో బి.బి.సి. వారి ప్రొమెనేడ్ ఉత్సవమున వాయించిరి. 2019లో మరణించిరి. వారిని చూచి కన్నడసీమలో ఎందఱో నాగస్వరము వారి బిడ్డలు, ఆడపిల్లలు సైతము, సాక్సఫోను పట్టిరి. ఆ యెందఱిలో మా అన్నగారొకరు.

1988లో నా కార్యాలయపు సహకార సంఘమున అప్పు తీసి, బళేపేటలో పాతదొకటి కొని యిచ్చితిని. నాయనకు కోపము వచ్చినది. "ఇత్తడి గొట్టము పెండ్లి ఊరేగింపులకు గాని దేవుని సన్నిధికి తగునా?" అనెను. అన్నగారు మాఱు పలుకక మౌత్‌పీసునుండి పీక విప్పి నాయన చేతికిచ్చిరి. నాయన దానిని వెలుతురున కెత్తి చూచెను. నాలుకపై నుంచి తడిపెను. కొంతసేపటికి, "ఇదియును గడ్డియే గదా!" అనెను. ఆ మాటతో సాక్సఫోను మా యింట చేరినది.

నాయన మాట శాస్త్రసమ్మతమని నాకు తరువాత తెలిసినది. సాక్సఫోను గొట్టము ఇత్తడిదే యైనను పాశ్చాత్యులు దానిని కొయ్య వాద్యములలో జమకట్టుదురు. కారణము పీకయే. బెల్జియమున దినాఁ పట్టణమున 1814లో పుట్టిన అడాల్ఫ్ సాక్స్ దీనిని కల్పించి, 1846లో ఫ్రాన్సున పేటెంటు పొందెను. సన్నాయికి రెండు రేకుల పీక. దీనికి ఒకటే రేకు. మౌత్‌పీసున కడుగున పట్టీతో బిగించిన ఆ రేకు ఊపిరికి వణకును. దాని వణకుతో లోపలి గాలి యెల్ల మ్రోగును. ఇత్తడి ఆ గాలికి గది వంటిది.

ఇక చేతిపని సంగతి. మంచి సాక్సఫోనుల దేహమును ఇత్తడి రేకు కోసి, ఉక్కు కడ్డీపై చుట్టి, అంచు లతికి, సుత్తితో కొట్టి సాగదీయుదురు. దెబ్బ పడిన కొలది ఇత్తడి గట్టిపడును. మరల కాల్చి మెత్తపఱచి మరల కొట్టుదురు. తామరపూవు వలె విచ్చిన చివరి భాగముపై ఉలితో లతలు చెక్కుదురు. నేడు పెద్ద కార్ఖానాలలో నీటి ఒత్తిడి యంత్రములు ఈ పనిలో చాల భాగము నిమిషములలో ముగించును. సుత్తి దెబ్బ తిన్న ఇత్తడి తియ్యగా పలుకునని వాద్యకారుల నమ్మకము. నాదమునకు గోడ లోహము కన్న లోపలి గాలి ఆకృతియే ముఖ్యమని శాస్త్రజ్ఞుల మాట. ఇరువురిలో నెవరు సత్యమో తేల్చుటకు నాకు చెవి చాలదు.

నేను కంటితో చూచినది మాత్రము చెప్పగలను. బళేపేట సందులో ఒక పనివాడుండెను. అన్నగారి వాద్యమును ఆయనయొద్దకు మోయువాడను నేను. ఆల్టో సాక్సఫోను మీద 20కి పైగా రంధ్రములు. ప్రతిదానికిని తోలు తొడిగిన మూత యొకటి. ఆయన గది చీకటి చేసి, గొట్టములోనికి సన్నని దీపము దింపి, ఒక్కొక్క మీట నొక్కి చూచెడివాడు. మూత అంచున వెలుతురు వెంట్రుకవాసి కనబడినను అక్కడ గాలి పోవుచున్నదని అర్థము. అప్పుడు మూత వెనుక వేడి తగిలించి, లోపలి లక్క కరగగానే వ్రేలితో సర్దెడివాడు. మా కార్యాలయమున కవరులకు ముద్రవేయు లక్కయు, సాక్సఫోను మూత నిలుపు లక్కయు ఒకటే కులమని తెలిసి సంతోషించితిని. దేశములో నెక్కడ చేసినను, ఏ యంత్రము చేసినను, సాక్సఫోనుకు ఈ చివరి పని మనుష్యుని వ్రేలే చేయవలయును. చేతిపని యనగా పుట్టించునాటి పని మాత్రమే కాదు. పలుకునట్లు నిలుపు పనియు నదియే యని నే నక్కడ నేర్చితిని.

పీక విషయమున ఇది మఱింత సత్యము. సాక్సఫోను పీకకు వలయు గడ్డి దక్షిణ ఫ్రాన్సున, మధ్యధరా సముద్రపు గట్టున, వార్ ప్రాంతమున పేరుగా పెరుగును. మన రెల్లు, కిక్కసలకు దూరపు బంధువు. రెండేండ్లు పెరిగిన కాడను శీతకాలమున కోసి, ఎండలో ఆరబెట్టి, మాగనిచ్చి, యంత్రముతో చీల్చి చెక్కుదురు. కొన మందము మిల్లీమీటరులో పదవ వంతు. పెట్టెలో పది వచ్చును. ఒక కొలతకే చెక్కినను పదియు పదివిధములుగ పలుకును. మూడు నాలుగు మాత్రమే మేలైనవి. తక్కినవానిని గరుకు కాగితముపై రుద్ది దారికి తేవలయును. క్రొత్త పీకను మొదటిదినమున అయిదు నిమిషములు, మఱునాడు పది నిమిషములు – ఇట్లు కొద్దికొద్దిగా వాయించి అలవాటు చేయవలయును. లేనిచో త్వరగా చచ్చును. మంగళూరు సముద్రపు గాలిలో చక్కగా పలికిన పీక, 900 మీటర్ల యెత్తుననున్న మా బెంగుళూరిలో మాఘ ఫాల్గుణముల పొడిగాలికి వంకరపోవును. కార్ఖానా పీకను సగము చేసి పంపును. తక్కిన సగము వాయించువాడు చేసికొనవలసినదే.

మన సంగీతమున దీనికి మఱియొక బరువున్నది. నాగస్వరమున వ్రేలితో రంధ్రమును సగము మూసి గమకము తీయవచ్చును. సాక్సఫోనులో మీట లడ్డముండుటచే ఆ వీలు చాల తక్కువ. ఆ పనియంతయు పెదవి, దవడ కలిసి పీకపై చేయవలయును. తోడిలో గాంధారము ఊగుటకు పెదవి వదలి పట్టవలయును. కావున పాశ్చాత్యునకు పీక నాదము మాత్రమే. మనవారికి పీకయే వ్రేలు.

ఇప్పుడు నా తప్పు చెప్పెదను. 2012 ఉగాదికి ముందు ఇంటికి సున్నము వేయించుచుంటిమి. అన్నగారు మేళముతో పొరుగూరు వెళ్లియుండిరి. అటకమీద ఒక పాత బిస్కత్తు డబ్బా దొరకినది. అందులో చిన్నచిన్న కాగితపు పొట్లములు. వానిలో గోధుమవన్నె తిరిగిన గడ్డి ముక్కలు ముప్పదికి పైగా నుండెను. మరకలు చూచి, వాడి పారవేయ మఱచిన వనుకొంటిని. జీవితమంతయు పనికిరాని కాగితములను ఏరి తీసివేయుట నా వృత్తి. ఆ యలవాటున డబ్బాను చెత్తబండిలో వేయించితిని.

అన్నగారు తిరిగివచ్చి అటక చూచి, డబ్బా యేదని యడిగిరి. చెప్పితిని. వారు కోపపడలేదు. "తమ్ముడూ, పొట్లములమీద తేదీలు చూడలేదా?" అనిరి. ఏటేట ఏరిన మేలు పీకలను అలవాటు చేసి, తేదీ వేసి, విశ్రాంతి నిచ్చి, వంతులవారీగ వాడుట వారి పద్ధతి. సుప్రభాతమునకు మెత్తనివి, కచేరీకి బిగువైనవి, వానకాలమునకు వేఱు, ఎండకాలమునకు వేఱు. నేను 28 సంవత్సరములు తేదీలు చూచి జీతము తీసికొనినవాడను. మా యింటి తేదీలను మాత్రము చూడనైతిని.

మూడవనాడే ఒక పెండ్లి. అలవాటు చేసిన పీక ఇంట ఒకటియు లేదు. అన్నగారి కుమారుడు కంప్యూటరు ఉద్యోగి. తండ్రియొద్దనే వాయించుట నేర్చినవాడు. అతడు, "నాయనా, ఈ ఒక్కమారు దీనితో చూడుము" అని తనయొద్ద నున్న ప్లాస్టిక్ పీక నిచ్చెను. మా యింట కృత్రిమ పీక అట్లు అడుగిడినది.

దానిని గూర్చి న్యాయముగా చెప్పవలయును. ఇట్టి పీకలను కెనడాలో 1998లో మొదలైన లెజేర్ సంస్థ పాలీప్రొపిలీనుతో చేయుచున్నది. ఒక్కదాని వెల గడ్డి పీకల పెట్టె వెలకు ఇంచుమించు సమానము. కాని ఎండ వానల భేద మెఱుగదు. తడుపనక్కఱలేదు. నెలల తరబడి ఒకే తీరున పలుకును.

ఆ పెండ్లిలో నే నొక వింత చూచితిని. గడ్డి పీక ఆరిపోయినచో మొదటి ఊపిరికి కీచుమనును. పురోహితుడు "గట్టిమేళం" అని వ్రేలెత్తిన క్షణమున మాంగల్యధారణ వేళ కీచుమన్నచో అపశకున మందురు. అందుచే అన్నగారు ముహూర్తమునకు ముందు గంటసేపైనను పీకను పెదవులనుండి తీయరు. ఎవరు పలుకరించినను తల యూపుటయే. ఇరువదినాలుగేండ్లుగా పెండ్లి పందిళ్లలో వారి మాట నేను విని యెఱుగను. ఆ దినమున చలువ యంత్రముల నడుమ కూర్చుండి పెండ్లికొడుకు తాతగారితో ఊరి కబుర్లు చెప్పుచు నవ్విరి. వ్రేలు లేవగానే సాక్సఫోను నెత్తి ఊదిరి; మేళము దిక్కులు మ్రోగెను. సభలో ఎవరికిని భేదము తెలియలేదు.

ఇంటికి వచ్చిన పిదప నేను భయపడుచునే యడిగితిని. "పెండ్లికి బాగున్నది. తోడికి చాలదు. నేను పెదవి వదలినంత అది వంగదు. వంగినను తొందరపడి వెనుకకు వచ్చును. ఇన్నాళ్లు వాయించినను నన్నెఱుగదు" అనిరి. కుమారుడు ఒప్పుకొనలేదు. "నీ చెవి గడ్డికి అలవాటుపడినది, నాయనా. వంద పెండ్లిండ్లు వాయించినచో దీనికిని పడును" అనెను. ఈ వాదము యేండ్లు సాగెను. ఇరువురి మాటలోను నిజము గలదని నా యెఱుక. అన్నగారు పెండ్లిండ్లకు ప్లాస్టిక్ పీకయు, దేవాలయమునకు గడ్డి పీకయు వాడుచు వచ్చిరి. నన్నొక్క మాట అనలేదు. ఆ మౌనమే నాకు బరువయ్యెను.

వాదము తీరినది 2023 ఉగాదినాడు, మన సంఘ సభలోనే. అప్పటికి అన్నగారికి ముందుపండ్లు పోయినవి. పైపండ్ల ఆనిక లేనిదే సాక్సఫోను పట్టు నిలువదు గనుక వాద్యమును కుమారునకిచ్చివేసిరి. అతడు ఆ సాయంకాలము తోడిలో త్యాగరాజస్వామి కృతి యొకటి వాయించెను. తండ్రి సంతోషించునని గడ్డి పీకయే తొడిగెను; దానిని పది దినములు అలవాటు చేసియు నుండెను. నాదము తేనె వలె నుండెను. అందఱును మెచ్చిరి. అన్నగారు మాత్రము ఇల్లు చేరువఱకు మాటలాడలేదు.

ఇంట కుమారుని పిలిచి, "చరణమున రెండవ పంక్తి చదువుము" అనిరి. అతడు చేతి ఫోను తీసెను. అందు స్వరములును సాహిత్యమును ఇంగ్లీషు అక్షరములలో నుండెను. అతడు తడవి తడవి చదివెను. "అర్థమేమి?" అని యడిగిరి. అతడు తల వంచి, "తెలియదు, నాయనా" అనెను. "తెలియదని నేనెఱుగుదును. ఒక మాటను నడిమికి విఱిచి ఊపిరి తీసికొంటివి. ఆ మాట స్వామిపేరు. గడ్డి పీకయు దానిని దాచలేదు, ప్లాస్టిక్ పీకయు దాచలేదు" అనిరి.

ఊది వాయించు వాద్యమున మాట వినబడదని మనమనుకొందుము. అది పొరపాటు. సాహిత్యమున ప్రతి యక్షరమునకు నాలుక పీకను తాకును; మాట ముగిసినచోట ఊపిరి తీయుదురు. పల్లవిలో ఎక్కడ ఒత్తవలెనో, ఎక్కడ విడువవలెనో వాయించువాని లోపలి మాటయే చెప్పును. మా నాయనకు వ్రాతకోతలు అంతంతమాత్రము. అయినను కృతి నేర్పుటకు ముందు సాహిత్యమును మాతో పలికించెడివాడు. తమిళ, కన్నడ వాద్యకారులు సైతము వచ్చి, "ఈ మాట ఎక్కడ విఱుగును?" అని ఆయన నడిగి పోయెడివారు. అడిగించుకొనిన యింట మూడవ తరమువాడు అడుగవలసినవా డయ్యెను. అతని తప్పు కాదు. అతడు చదివిన బడిలో తెలుగు లేదు. ఇంట నేర్పవలసిన మేము, మాటలాడుచున్నాడు గదా, చాలునని యూరకుంటిమి. నేను పొట్లముపై తేదీ చూడకుండుటయు, మేమందఱము పిల్లవానికి అక్షరము చూపకుండుటయు ఒకే తీరు అజాగ్రత్త.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాడుట రాదు, వాయించుట రాదు. కాని నా చేవ్రాలు గుండ్రముగా నుండునని కార్యాలయమున పేరు. మఱునాడు నూఱు పుటల నోటుపుస్తక మొకటి కొంటిని. అన్నగారు పలుకుచుండగా వారికి వచ్చిన కృతుల సాహిత్యము పెద్ద తెలుగు అక్షరములలో వ్రాయుట మొదలుపెట్టితిని. కష్టమైన మాటకు క్రింద అర్థము. ఊపిరి తీయవలసినచోట ఎఱ్ఱసిరాతో ఒక గీత. ఆదివారము ఉదయమున అన్నగారి కుమారుడును, అతని పదేండ్ల కూతురును నాయెదుట కూర్చుందురు. ముందు ఓనమాలు దిద్దిరి. ఇప్పుడు పంక్తి చదువుదురు. చదివిన పిదపనే వాద్యము తీయుదురు. పాప చిన్నదగు సోప్రానో సాక్సఫోను పట్టినది. దానికి ప్లాస్టిక్ పీకయే తొడిగినారు. చిన్నపిల్లకు అదియే సులువని అన్నగారే చెప్పిరి. తోడికి వచ్చునప్పటికి గడ్డి పీక యిత్తురట.

ఈ రెండేండ్లలో 41 కృతులు వ్రాసితిని. మూడవ నోటుపుస్తకము నడుచుచున్నది. మొన్న దసరాకు అన్నగారి కుమారుడు ఒక క్రొత్త బిస్కత్తు డబ్బా తెచ్చి నా బల్లమీద పెట్టెను. "చిన్నాయనా, పీకలను నేను అలవాటు చేసెదను, పొట్లములమీద తేదీలు మీరు వేయవలయును" అనెను. అన్నగారు వినుచుండిరి. వారు నవ్విరి. పదమూడేండ్ల తరువాత ఆ డబ్బా మాట మా యింట పైకి వచ్చుట అదే మొదలు.

ఇప్పటికి అందు పదునొకండు పొట్లములున్నవి. తేదీ లన్నియు తెలుగు నెలలలోనే వేసితిని. పాప వానిని చదువగలదు.